మాకు కోటెందుకట?

పదో తరగతి పరీక్ష ఫోటో కోసం టౌనుకెళ్లాను. స్టూడియోలో మేకుకి నల్లకోటు వేలాడుతోంది. నాకన్నా ముందొచ్చిన పిల్లలంతా అదే తొడుక్కుని దిగారు. నేనూ చెయ్యి చాపాను. ఏ ఊరు, ఏ పేట అని అడిగాడు. చెప్పాను. "మీకు కోటెందుకురా, చొక్కా చాల్లే" అన్నాడు.

జేమ్స్ వాన్ డర్ జీ గురించి చదువుతుంటే ఆ కోటే గుర్తొచ్చింది. అమెరికా నల్లజాతి మనిషి. 1886లో మసాచుసెట్స్‌లోని లెనాక్స్ ఊళ్లో పుట్టాడు. 1915లో ఓ షాపు స్టూడియోలో డార్క్‌రూం పనికి కుదిరాడు. అసలు ఫోటోగ్రాఫరు లేనప్పుడు తనే తీసేవాడు. ఆ తర్వాత న్యూయార్క్‌లో నల్లవాళ్లుండే హార్లెంలో సొంత స్టూడియో పెట్టాడు. పెళ్లి జంటలు, సైనికులు, చంటిబిడ్డల తల్లులు వచ్చేవాళ్లు. తెరలు, మంచి కుర్చీలు, కావాలంటే బట్టలూ ఉండేవి. పళ్లు వంకరగా ఉంటే నెగెటివ్ మీద సరిచేసేవాడు. మెళ్లో నగ లేకపోతే గీసేవాడు! 1924లో మార్కస్ గార్వే ఉద్యమం ఊరేగింపులు, నాయకుల ఫోటోలు తీసిందీ ఇతనే.

ఇదంతా బూటకం, దొరల వేషం అంటారు కొందరు. మన మిత్రుల్లోనూ ఉన్నారు. పేదోడి ఫోటో అంటే చినిగిన బనీను, ఎండిన డొక్క ఉండాలట వాళ్లకి. నేనొప్పుకోను. మన ఆకలిని ఫోటో తీసినోళ్లకి కొదవ లేదు. నువ్వెట్లా కనబడాలనుకుంటున్నావయ్యా అని అడిగినోళ్లెందరు? 1932లో, అమెరికా అంతా పనుల్లేక అల్లాడుతున్న ఏడు, బొచ్చుకోట్లు వేసుకుని కాడిలాక్ కారు దగ్గర ఫోటో దిగిన నల్లజంటని చూడండి. బెదురు లేదు ఆ కళ్లల్లో.

1969లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హార్లెం మీద ప్రదర్శన పెట్టింది. ఇతని ఫోటోలు బోలెడు గోడలకెక్కాయి. నల్ల చిత్రకారుల బొమ్మలు మాత్రం పెట్టలేదని వాళ్లు బయట ధర్నా చేశారు. న్యాయమే. ఆ ఏడే ఈ ముసలాయన్ని ఇంట్లోంచి ఖాళీ చేయించారు. అయినా మళ్లీ కెమెరా పట్టాడు. 1983లో 96 ఏళ్ల వయసులో పోయాడు.

హార్లెంలో చనిపోయినోళ్ల ఫోటోలూ తీశాడు. పూలమధ్య, శుభ్రమైన బట్టల్లో. పసిబిడ్డ పోతే తల్లిదండ్రుల ఒళ్లో పెట్టి తీసేవాడు.

మా అయ్యకున్నదీ ఒక్కటే ఫోటో, చనిపోయాక తీసిందే. గోడకి కుర్చీ వేసి, తల జారకుండా తువ్వాలు కట్టి కూచోబెట్టారు. మా అమ్మ దాన్ని ఇంట్లో తగిలించనివ్వలేదు. ట్రంకుపెట్టె అడుగున ఉంది.