విల్, గోయింగ్ టు, షల్: మన రేపటి వ్యాకరణం

ఇంగ్లీషు మీద రాస్తున్న ఈ వరసలో ఇవాళ్టిది రేపటి గురించి.

స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగుల్లో ఫ్యూచర్ అంటే 'విల్' అని చెప్పి వదిలేస్తారు. మన హాస్టల్ పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేయించేటప్పుడు వింటుంటాను, అన్నిటికీ 'ఐ విల్' ఒక్కటే. తప్పని కాదు. కానీ అవతల కూర్చున్నవాళ్లకు అది అప్పటికప్పుడు తోచిన మాటలా వినబడుతుంది. రెండేళ్లుగా మనసులో పెట్టుకున్నది "ఐ యామ్ గోయింగ్ టు అప్లై ఫర్ పీహెచ్‌డీ" అంటేనే తెలుస్తుంది. గైడ్‌తో మాట్లాడి రోజు ఖాయం చేసుకున్నారా, అప్పుడు "ఐ యామ్ మీటింగ్ మై గైడ్ ఆన్ మండే".

ఇది మనకు కొత్తేం కాదు. మన అమ్మలు మాట ఒప్పుకోకముందు "నాట్లకు పోదామనుకుంటున్నా" అంటారు, ఒప్పుకున్నాక "ఎల్లుండి నాట్లకు పోతున్నా" అంటారు. చిక్కు 'పోతా' దగ్గర. రోజూ పోయినా పోతా, రేపు పోయినా పోతా. అందుకే మనవాళ్లు "డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్" అంటారు. అక్కడ "ఐ గెట్ అప్" చాలు. (దానికి నవ్వే కాన్వెంట్ బాబులకు తెలుగు క్రియ ఎట్లా నడుస్తదో తెలియదు, అది వేరే సంగతి.)

'షల్' మాత్రం కోచింగుల్లో దొరకదు, చట్టంలో దొరుకుతుంది. అక్కడ షల్ అంటే చేసి తీరాలి అని. రాజ్యాంగం 45వ అధికరణం మొదటి పాఠం తీసి చూడండి. 14 ఏళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య, గడువు 10 ఏళ్లు. కానీ అక్కడున్నది "షల్ ప్రొవైడ్" కాదు, "షల్ ఎండెవర్ టు ప్రొవైడ్". ఇవ్వాలి అనలేదు, ఇవ్వడానికి ప్రయత్నించాలి అంది. పైగా ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేం. 1960లో గడువు దాటిపోయింది. 2002లో 86వ సవరణ 21ఏ తెచ్చాక గానీ ఆ 'ఎండెవర్' ఊడలేదు, అదీ 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకే. అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఒక్క క్రియ కింద ఎన్ని తరాల మన పిల్లలు పశువుల వెంట తిరిగారో లెక్కేసుకోండి.

17వ అధికరణం చదవండి. అంటరానితనం "ఈజ్ అబాలిష్డ్". అక్కడ విల్ లేదు, ఎండెవర్ లేదు, గడువూ లేదు.

కాబట్టి మెస్ బిల్లుల కోసమో స్కాలర్‌షిప్ కోసమో వెళ్లినప్పుడు ఆఫీసరు "వి విల్ లుక్ ఇంటు ఇట్" అంటే థాంక్యూ చెప్పి లేచి రావద్దు. "హూ ఈజ్ లుకింగ్ ఇంటు ఇట్? వెన్ ఆర్ యూ రిలీజింగ్ ద మనీ?" అని కంటిన్యూయస్‌లో అడగండి. జవాబులో ఒక పేరు, ఒక తేదీ రావాలి. వస్తే ఆయన ముందే నోట్‌బుక్‌లో రాసుకోండి. రాకపోతే ఇంకాసేపు కూర్చోండి.