చల్లదనం దారిలో ఎక్కడ పోతున్నది?

బస్తరు సీమలో ఎండకాలానికి రెండు ముఖాలున్నవి. ఏప్రిల్, మే నెలలలో గాలి పొడిగా వీస్తుంది. జూన్ మధ్యలో ఋతుపవనాలు ప్రవేశించగానే అదే గాలి చెమట ఆరనీయనంత తడిగా మారిపోతుంది. జగదల్‌పూర్‌లోను, బైలదిల్లా గనులను ఆనుకొని ఉన్న కిరందుల్, బచేలీ పట్టణాలలోను కాపురమున్న తెలుగు కుటుంబాలకు ఈ మార్పు తెలియనిది కాదు. మేలో హాయినిచ్చిన కూలరు జూన్ చివరికి జిగట గాలిని చిమ్ముతుంది. మెకానిక్కును పిలిచి పంపు మార్పిస్తారు, గడ్డి పలకలు మార్పిస్తారు. ఫలితం కనబడదు. చెడినది యంత్రం కాదు, దానికి కావలసిన పొడి గాలి కరవైనది.

నీరు ఆవిరి అయ్యేటప్పుడు గాలిలోని వేడిని హరిస్తుంది. కూలరు రహస్యమంతా ఇంతే. 40 డిగ్రీల ఎండలో, గాలిలో తేమ 20 శాతమే ఉన్ననాడు మంచి కూలరు గాలిని సుమారు 26 డిగ్రీలకు దింపగలదు. 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్ననాడు ఎంత గొప్ప కూలరైనా 29 డిగ్రీల దిగువకు దింపజాలదు. మన పెద్దలు వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లినది ఎండలలోనే కాని వానలలో కాదు గదా! కూలరు గాలికి బయటకు పోయే దారి కూడ ఉండవలె. ఎదుటి కిటికీ మూసి కూలరు నడిపేవారు తేమను గదిలో నిలవచేసుకుంటున్నారు.

ఎయిర్ కండిషనర్ సంగతి ఇందుకు భిన్నం. 1902లో విల్లిస్ కారియర్ అనే అమెరికను ఇంజనీరు దీనిని రూపొందించినది మనుష్యుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కార్యాలయంలో తేమకు కాగితం సాగి రంగులు ఒకదానిపై ఒకటి కుదరకుండా పోతుంటే, ఆ తేమను అదుపు చేయడానికి. కనుక వానాకాలపు బస్తరుకు తగిన యంత్రం ఇదే. అయినా, వేలు పోసి కొన్న తరువాత గది చల్లబడలేదని వాపోయేవారు చాలమంది. వచ్చిన మెకానిక్కు సాధారణంగా చెప్పే మాట ఒకటే: “గ్యాసు తగ్గింది.”

ఈ మాటను వెంటనే నమ్మరాదు. గ్యాసు దీపంలో నూనె వలె ఖర్చయిపోయేది కాదు. మూసిన గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది. తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. పైగా గాలి ప్రవాహం మందగించినప్పుడు కూడ కాయిలు మీద మంచు కట్టి, అచ్చం గ్యాసు తగ్గినట్లే కనబడుతుంది. అటువంటప్పుడు గ్యాసు నింపించడం డబ్బు దండుగ. కంప్రెసరుకు చేటు కూడ కావచ్చును.

మొదట ఫిల్టరు చూడండి. గని దుమ్ము చేరే ఊళ్ళలో రెండు వారాలకొకసారి కడగక తప్పదు. తరువాత మామూలు ధర్మామీటరుతో యంత్రంలోకి పోయే గాలిని, బయటకు వచ్చే గాలిని కొలవండి. అరగంట నడచిన పిమ్మట తేడా 8 నుండి 12 డిగ్రీలుంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్లే. తేమ రోజులలో ఇది కొంత తగ్గడం సహజం. తేడా అంతకు మించి, గాలి మాత్రం సన్నగా వస్తుంటే ప్రవాహానికి ఎక్కడో అడ్డున్నది. గాలి జోరుగా వస్తూ తేడా స్వల్పమైతే అప్పుడు గ్యాసును, బయటి యూనిట్టును అనుమానించవచ్చును.

ఒకే యంత్రం నుండి డక్టుల ద్వారా పలు గదులకు గాలి పంపే ఇళ్ళలో చిక్కులు మరికొన్ని. యంత్రం వద్ద చల్లగా ఉండి చివరి గదిలో వెచ్చగా వస్తున్నదంటే లోపం దారిలోనే ఉన్నది. ఎండకు కాగిన రేకుల కప్పు క్రింద, పైపూత లేని డక్టులో ప్రయాణించే గాలి చల్లగా ఎట్లా మిగులుతుంది? అతుకుల దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టి చూడండి. పొగ చెదిరినా, లోపలికి లాగినా అక్కడ సందున్నది. మామూలు గుడ్డ టేపు వేడికి ఊడిపోతుంది, అల్యూమినియం రేకు టేపు వాడవలె. మెత్తని గొట్టం నలిగిందా, వ్రేలాడుతున్నదా పరీక్షించండి. అదే ఒత్తిడిలో గొట్టం వ్యాసం సగమైతే గాలి సగం కాదు, సుమారు ఆరవ వంతే పారుతుంది. ఇది చాలమంది మేస్త్రీలు పట్టించుకోని లెక్క.

పడకగది తలుపు మూయగానే చల్లదనం తగ్గుతున్నదా? పోయిన గాలి తిరిగి యంత్రానికి చేరే దారి లేదన్నమాట. తలుపు తెరచి చూడండి. తేడా కనబడితే తలుపు క్రింద కొంత సందు విడవడమో, పైన జాలీ అమర్చడమో చాలును. కొత్త యంత్రం అక్కరలేదు.

వైరింగు, గ్యాసు పనులు మాత్రం నిపుణునికే వదలవలె. అతడు గ్యాసు నింపుతానన్నప్పుడు, ముందు కారుతున్న చోటు చూపించమని అడగండి.