పెరటి కోళ్ళు ఎందుకు పొడుచుకొంటాయి?



వానలు పట్టగానే మాన్కోలి వైపు మన ఇళ్ళలో ఒక మాట వినవస్తుంది. “వేసవి అంతా కలిసి తిరిగిన కోళ్ళు ఆషాఢం రాగానే నెత్తురు వచ్చేట్లు పొడుచుకొంటున్నాయి. దిష్టి తగిలిందేమో” అని. దిష్టికి ఇందులో పని లేదు. కోళ్ళకు చోటు చాలలేదు, అంతే.

కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ వైపులనుండి భివండీ వచ్చి మరమగ్గాల మీద బ్రతుకుతున్న మనవారిలో పెరడు గలవారు కొద్దిమందే. పద్మానగరు ఇరుకులో ఆ ఊసే లేదు. ఊరికి కొంచెం ఎడంగా, మాన్కోలి వంటి చోట ఇల్లున్న వారికి వెనుక నాలుగు గజాల జాగా దొరుకుతుంది. అందులో పది పన్నెండు పెట్టలుంటే పిల్లలకు గ్రుడ్డు, ఇల్లాలికి చేతి ఖర్చు. మగ్గం నాలుగు దినాలు ఆగినా ఆ గ్రుడ్లు ఆగవు. అందుచేత ఒక పెట్ట పోట్లాటలో చచ్చిందంటే ఆ ఇంటికి అది చిన్న నష్టం కాదు.

కోళ్ళలో పెద్ద, చిన్న అనే వరుస ఉన్నది. నార్వే దేశస్థుడు షెల్డెరుప్ ఎబ్బె అనే శాస్త్రజ్ఞుడు చిన్ననాటినుండి కోళ్ళను కనిపెట్టి చూచి, 1920 దశకం మొదట్లో ఈ సంగతిని లోకానికి తెలిపినాడు. అన్నిటికంటె పెద్దదైన పెట్ట ఎవరినైనా పొడుస్తుంది. రెండవది దానికి లొంగి, మిగిలినవాటిని పొడుస్తుంది. ఈ వరుస కుదిరిన తరువాత ఇంట్లో శాంతి. పెద్దది తల ఎత్తి చూస్తే చాలు, చిన్నది ప్రక్కకు తప్పుకొంటుంది. కాని తప్పుకొనేందుకు జాగా ఉండవలెను కదా! గూటిలో మూలకు చిక్కిన కోడి ఎక్కడికి పోతుంది? పెద్దదానికేమో అది లొంగినట్లే తోచదు. ఇంకా పొడుస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మీ పెరడు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు అనుకొందాము. 12 కోళ్ళకు తలకు 10 చదరపు అడుగులు. వేసవిలో ఇది చక్కగా సరిపోతుంది. అయితే ఠాణా జిల్లా వాన సంగతి మీకు తెలిసిందే. పెరడంతా బురద. కోళ్ళు పగలు కూడా గూటిలోనే. ఆ గూడు 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు అయితే మొత్తం 16 చదరపు అడుగులు. తలకు ఒకటిన్నర అడుగు కూడ రాదు. పగలు కూడా లోపలే ఉండే కోడికి తలకు 4 అడుగులుండడం మంచిది. గూటికి ఆనించి 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున రేకుల పంచ ఒకటి దించి, ప్రక్కలకు జాలీ కొట్టించితే 48 అడుగులు అవుతుంది, పన్నెండిటికీ సరిపోతుంది. అది వీలుకాని వారు కోళ్ళనే తగ్గించుకోవలెను.

రాత్రి కూర్చునే దండెం మీద కోడికి 8 అంగుళాలు కావలెను. రెండు నాలుగడుగుల కర్రలు ఒకే ఎత్తున, అడుగు ఎడంతో కట్టండి. ఒకటి పైన, ఒకటి క్రింద కడితే పై కర్రకోసం రోజూ యుద్ధమే. మేత, నీళ్ళు రెండేసి చోట్ల పెట్టండి. ఒకచోట తరిమిన కోడి రెండవచోట తింటుంది. నాలుగైదు పెట్టలకు ఒక గ్రుడ్ల గంప చాలు. పది పెట్టలకు ఒక పుంజు చాలు. గ్రుడ్లకు మాత్రమే పెంచేవారికి అదీ అక్కరలేదు. పందెపు జాతి అసీలును మాత్రం ఈ మందలో కలపవద్దు.

తలమీద పొడవడం పెద్దరికం కోసం. తోక దగ్గర, వెనుక భాగాన ఈకలు పీకడం వేరే జబ్బు. అది పనిలేమి వలన, మాంసకృత్తులు చాలకపోవడం వలన వస్తుంది. వట్టి నూకలు, మిగిలిన అన్నం చాలవు. వేరుసెనగ చెక్క, ఉప్పు లేని ఎండు రొయ్యపొట్టు కొద్దిగా కలపండి. నేలమీద రెండు మూడంగుళాల మందాన ఊక పరచి, అందులో గుప్పెడు గింజలు చల్లితే పూటంతా గీరుకొంటూ ఉంటాయి. తోటకూర కట్టను తల ఎత్తున వ్రేలాడదీయండి. ఒక తొట్టిలో పొడి మన్ను, బూడిద ఉంచితే స్నానమాడతాయి.

మన ఊరికి ప్రత్యేకమైన సంగతులు రెండున్నాయి. మగ్గాలు రాత్రింబగళ్ళు నడుస్తాయి. కార్ఖానా దీపం గూటిలో పడితే కోళ్ళకు నిద్ర లేక చిరాకు. ఆ వైపు గోనెపట్టా కట్టి, గాలికి పైన సందు ఉంచండి. రెండవది నూలు పోగులు. అవి వ్రేళ్ళకు చుట్టుకొని కోసుకొంటాయి. నెత్తురు కనబడితే మంద అంతా దానిమీదనే పడుతుంది. పెరడు ఊడ్చేటప్పుడు పోగులు ఏరివేయండి.

గాయపడిన కోడిని వెంటనే వేరుచేసి, కడిగి పసుపు పెట్టండి. కాని తోటి కోళ్ళకు కనబడేట్లు జాలీ అవతలనే ఉంచండి; ఎక్కువ రోజులు కంటికి దూరమైతే తిరిగి వచ్చినప్పుడు దానిని కొత్తదానివలె తరుముతాయి. క్రొత్త కోళ్ళను ఒంటరిగా తేవద్దు. రెండు మూడు కలిపి తెచ్చి, వారం రోజులు జాలీ అవతల ఉంచి, చీకటి పడ్డాక దండెం ఎక్కించండి. ముక్కు కాల్చి కోయించడం ఇంట్లో చేయదగిన పని కాదు. కోడికి బాధే తప్ప, ఇరుకు అట్లాగే ఉంటుంది.

మృగశిర కార్తె రాకముందే గూడు కొలుచుకోండి. ఎక్కువైన పుంజులను, గ్రుడ్లు మానిన పెట్టలను అప్పుడే అమ్ముకొంటే మంచి ధర వస్తుంది. వాన పడ్డాక, గాయాలతో, ఈకలూడిన కోడికి ఎవరు ధర కడతారు? ఎన్ని కోళ్ళుండవలెనో ఎండకాలపు పెరటిని చూచి నిర్ణయించవద్దు. వానకాలపు గూటిని చూచి నిర్ణయించండి.