బరువు తుపాకి ఎవరి భుజానికి?



"సావనీరుకు కథలు రాస్తారు, కవితలు రాస్తారు, కంప్యూటరు ఆట మీద వ్యాసమేందప్పా?" అని నా గది మిత్రుడు నవ్వినాడు. నవ్వనీ. రాత్రి పదకొండు దాటినాక మన హాస్టల్లో ఏ గదిలోనుంచి ఏ శబ్దం వస్తుందో వార్డెన్ గారికి తప్ప అందరికీ తెలుసు. రోజూ ఆడే ఆటను గురించి రోంతసేపు ఆలోచిస్తే తప్పేముంది?

నేను చెప్పబోయేది "హేలో" అనే అమెరికా ఆట సంగతి. 2001లో బంగీ అనే సంస్థ మొదటిది విడుదల చేసింది. కొన్ని వందల ఏండ్ల తర్వాత మానవజాతికీ, కవెనెంట్ అనే అన్యగ్రహవాసుల కూటమికీ జరిగే యుద్ధం దాని ఇతివృత్తం. ఆ కూటమిలో మన సమాజంలో మాదిరే మెట్లున్నాయి. పైమెట్టున ప్రవక్తలు. వాళ్ళు ఆజ్ఞలిస్తారు గాని యుద్ధభూమిలో అడుగు పెట్టరు. ఆ కింద ఎలైట్లనే వీరులు. అట్టడుగున గ్రంట్లు. వాళ్ళ అసలు పేరు ఉంగోయ్. గ్రంట్ అనేది మనుషులు పెట్టిన ఎగతాళి పేరు. పొట్టివాళ్ళు, మీథేన్ పీల్చి బతికేవాళ్ళు, అందుకని వీపు మీద మీథేన్ తొట్టి మోసుకొని తిరుగుతుంటారు. (ఇది మాత్రం రసాయనశాస్త్రం చదివే నాకు మింగుడుపడదు. మా ఇంటి పేడ గ్యాసు గుంతలో పుట్టేదీ ఎక్కువభాగం మీథేనే. అదైనా ఆక్సిజన్ తోడుంటేనే మండుతుంది, అన్నం ఉడుకుతుంది. ఒట్టి మీథేన్‌తో ఊపిరి ఎట్లా నడుస్తుందో!)

ఈ గ్రంట్లలోనే "హెవీ" అని ఒక తరగతి ఉంది. 2010 నాటి "హేలో రీచ్"లో పచ్చ కవచం తొడుక్కొని, తన ఒడ్డూపొడవుకు మించిన ఫ్యూయెల్ రాడ్ గన్ భుజాన వేసుకొని వస్తాడు. అది పచ్చటి నిప్పుముద్దలు విసిరే ఆయుధం. తగిలితే బండ్లే పల్టీ కొడతాయి. కూటమిలో అందరికన్నా బలహీనుని చేతికి ఇంత పెద్ద ఆయుధమెందుకు ఇచ్చినారు? ఈ ప్రశ్నే నన్ను పట్టుకుంది.

"అది ప్రమోషన్ రా" అన్నాడు నా మిత్రుడు. ప్రమోషనే అనుకుందాం. అయితే 2001 నాటి మొదటి ఆటలో ఒక చిత్రం చూడండి. ఆ తుపాకి పట్టుకున్న గ్రంట్ చస్తే తుపాకి కూడా పేలిపోతుంది. ఆయుధం శత్రువుకు దక్కగూడదు గదా. పక్కన నిలబడిన తోటి గ్రంట్లు ఏమైపోవాలనే ఆలోచన ఎవరికీ ఉన్నట్లు లేదు. ఇంకొకటి. ఆట కథ ప్రకారం 2462లో ఉంగోయ్‌లు తిరగబడతారు. ఎలైట్లు వాళ్ళ సొంత గ్రహాన్నే పైనుంచి కాల్చి అణచివేస్తారు. ఆ తర్వాత బతికి బట్టకట్టిన గట్టివాళ్ళను సైనికులుగా చేర్చుకుంటారు. ఎవరు కాల్చినారో వాళ్ళ కోసమే తుపాకి మోయడాన్ని ప్రమోషన్ అందామా?

బరువాయుధం పట్టిన ప్రతివాడూ బానిసేనని నా వాదన కాదు. మన గండికోట సంగతే చూడండి. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని వారి దగ్గరనుంచి ఆ కోటను గెలిచినాడు. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ సంగతులు రాసిపెట్టినాడు. ఫిరంగులను కొండ మీదికి ఎక్కించినందుకు ఫిరంగివాళ్ళకు మామూలు జీతంగాక నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానని మీర్ జుమ్లా ఆశ పెట్టవలసి వచ్చిందట. అంటే ఆ పనికి ఒక ధర ఉంది. అడిగి పుచ్చుకొనే నోరు వాళ్ళకుంది. మాయ్ అనే ఫ్రెంచివానికి గుళ్ళలోని రాగి విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోసే పని అప్పగిస్తే, ఒక్క ఫిరంగీ సరిగ్గా పోయలేక, కొన్నాళ్ళకు కొలువు వదిలి తన దారిన తాను పోయినాడట. పని చెడగొట్టి కూడా ప్రాణాలతో పోగలిగినాడు! హెవీ గ్రంట్‌కు ఆ భాగ్యముందా?

పాళెగాళ్ళ కాలంలో కట్టుబడి బంట్లు ఉండేవాళ్ళు. వాళ్ళవి ఫిరంగులు కావు గాని, ఆయుధం పట్టినందుకు మాన్యం భూమి ఉండేది. కుంపెనీవాళ్ళు ఆ మాన్యాల మీద కన్నేసినప్పుడే గదా, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట కట్టుబళ్ళు కదిలినారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరి తీసినారు. ఆయన పేరు మీద 2019లో పెద్ద సినిమా వచ్చింది. రావాల్సిందే. ఆయన గొప్పతనాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ కట్టుబళ్ళలో ఒక్కని పేరైనా మనలో ఎంతమందికి తెలుసు?

ఆ తర్వాత వచ్చినవాళ్ళకు జీతమూ లేదు, మాన్యమూ లేదు. ఫ్యాక్షన్ కాలపు బాంబుల సంచి సంగతి చెప్తున్నా. మా తరం చూసింది తక్కువ, విన్నదే ఎక్కువ. మా ఊర్లో ఒక పెద్దాయనకు కుడిచెయ్యి మణికట్టు దాకా లేదు. వయసులో ఉన్నప్పుడు ఎవరికోసమో నాటుబాంబులు చుడుతుంటే ఒకటి చేతిలోనే పేలిందట. ఆ "ఎవరో" కుటుంబం ఇప్పుడు పట్నంలో సుఖంగా ఉంది. ఈయన ఎడమచేత్తో కలుపు తీస్తాడు. సంచి మోసినవాళ్ళకు దక్కింది రెండుపూటల తిండి, కోర్టు వాయిదాలు, "ఫలానా ఆయన మనిషి" అనే పేరు. బాంబు ఎంత ప్రమాదమో ఇచ్చినవానికి తెలుసు, అందుకే తాను పట్టుకోలేదు. ఇది మీథేన్ పీల్చే గ్రహంలో జరిగింది కాదు, మన కర్నూలు, కడప పల్లెల్లో జరిగింది.

మనం ఏం చేసినాం? ఈలలు వేసినాం. "సమరసింహారెడ్డి" (1999), "ఆది" (2002), "ఇంద్ర" (2002)... ఇట్లాంటి సినిమాల్లో సుమోలతోపాటు గాల్లోకి లేచేవాళ్ళెవరు? మాటల్లేని, పేర్లు లేని అనుచరులు. వాళ్ళకూ ఇంటి దగ్గర తల్లీపెండ్లాం ఉంటారనే సంగతి సినిమా తీసేవాళ్ళకు అక్కర్లేదు, టికెట్టు కొన్న మనకూ అక్కర్లేదు. హేలోలో అయితే ఇంకా ముచ్చట. 2007 ఆటలో "గ్రంట్ పుట్టినరోజు పండుగ" అనే ఏర్పాటు ఉంది. అది పెట్టుకొని ఆడితే, గ్రంట్ తలకు గుండు తగలగానే రంగుకాగితాల ముక్కలు చిందుతాయి, పిల్లలు కేరింతలు కొడతారు. నేనూ పడీపడీ నవ్వినా. ఆట ఆటే, కాదనను. ఆడొద్దని నీతులు చెప్పేవాణ్ణీ కాను. పైగా ఆ ఆటలో ఒక నిజం కూడా ఉంది: పైనున్న ఎలైట్‌ను పడగొడితే గ్రంట్లు చేతులు పైకెత్తి అరుచుకుంటూ పారిపోతారు. పిరికితనమని నవ్వుతాం గాని, అంతవరకు వాళ్ళను నిలబెట్టింది పగ కాదు, వెనకున్నవాని భయమని అక్కడే తేలిపోతుంది.

ఇంతకీ ఈ వ్యాసం ఎందుకంటే, మా పెదనాయన కొడుకు నాకంటే ఏడాది పెద్ద. డిగ్రీలో రెండు సబ్జెక్టులు పోయినాక కాలేజీ మాని ఒక నాయకుని వెంట తిరుగుతున్నాడు. మూడేండ్లు వరసగా బుడ్డలు సరిగ్గా పండలేదు, పెదనాయన దగ్గర డబ్బుల్లేవు. వాళ్ళిచ్చే డీజిలు, బిర్యానీ వీనికి పెద్దగా కనబడుతున్నాయి. ఇప్పుడు బాంబుల కాలం కాదు, నిజమే. ఇప్పుడు వీని భుజానికి ఎత్తేవి వేరే. గొడవకు ముందు నిలబడటం, కేసులో పేరుకు ఒప్పుకోవడం, ఫోన్లో ఎవరినో బెదిరించడం. కారులో వెనక సీటు, స్టేటస్‌లో నాయకుని వెనక నిలబడిన ఫోటో. "నాకు అక్కడ విలువుంది రా" అంటాడు.

దసరా సెలవుల్లో ఇద్దరమూ మిద్దె మీద పడుకున్నప్పుడు అడిగినా: "అన్నా, వాళ్ళ కొడుకు ఎప్పుడన్నా నీ సీట్లో కూర్చున్నాడా?"

"వాడు బెంగుళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు లే" అన్నాడు.

"రేపు నువ్వు మానేస్తానంటే పోనిస్తారా?"

దానికి చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున కళ్ళం దగ్గరికి పోతూ, పోయిన సబ్జెక్టులకు ఫీజు కట్టే గడువు ఎప్పుడని వాడే అడిగినాడు. ఫారం తెచ్చిచ్చినా. డబ్బులు సగం మా నాయన ఇస్తానన్నాడు.