చచ్చినవాడికే దండలా?

మారథాన్ పరుగు ఎక్కడ జరిగినా, హైదరాబాద్‌లో అయినా విశాఖ బీచ్ రోడ్డులో అయినా, మైకు పట్టుకున్నవాళ్ల నోట తరచూ వినబడే కథ ఒకటుంది. క్రీస్తుపూర్వం 490లో మారథాన్ మైదానంలో ఏథెన్స్‌వాళ్లు పర్షియా సేనను చిత్తు చేశారట. ఆ కబురు మోసుకుని ఒక సైనికుడు ఏథెన్స్ దాకా ఏకబిగిన పరిగెత్తాడట. "గెలిచాం" అని ఒక్క మాట చెప్పి అక్కడికక్కడే ప్రాణం వదిలాడట. వింటున్నవాళ్లకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. చప్పట్లు మోగుతాయి.

అది కట్టుకథ. పిల్లల్ని నిద్రపుచ్చడానికి చెప్పుకునేదైతే పోనీలే అనుకోవచ్చు. కానీ ఈ కట్టుకథ ఒక నిజమైన మనిషి చేసిన నిజమైన పనిని మింగేసింది. ఆడవాళ్లను దశాబ్దాల పాటు రోడ్డు మీదికి రానివ్వని పెద్దమనుషులు నెత్తిన పెట్టుకుని పూజించినదీ దీన్నే. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయడం నావల్ల కాదు.

ఆధారాలు చూడండి. ఆ యుద్ధం గురించి మనకున్న పెద్ద సాక్షి గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్. యుద్ధం జరిగాక సుమారు అర్ధశతాబ్దానికి రాశాడు. ఏథెన్స్‌కు పరిగెత్తి చనిపోయిన సైనికుడి ఊసు ఆయన పుస్తకంలో ఎక్కడా లేదు. గెలిచిన సైన్యం మొత్తం ఆఘమేఘాల మీద ఏథెన్స్‌కు తిరిగి నడిచిందని మాత్రం ఉంది. పర్షియన్ ఓడలు చుట్టు తిరిగొచ్చి ఊరి మీద పడతాయేమోనన్న భయంతో, పొద్దంతా కత్తులు దూసి అలిసిపోయిన వేలమంది కలిసి నడిచిన నడక అది. చచ్చిపోయే దూత మొదటిసారి కనబడేది గ్రీకు రచయిత ప్లూటార్క్ రాతల్లో, అంటే దాదాపు 600 ఏళ్ల తర్వాత. ఆయనకూ ఆ మనిషి పేరు గట్టిగా తెలియదు. ఒకరు థెర్సిప్పస్ అంటారు, ఎక్కువమంది యూక్లీస్ అంటారు అని రాశాడు. ఆ తర్వాత లూసియన్ అనే మరో రచయిత వచ్చి ఆ చావును ఫిలిప్పిడీస్ అనే పేరుకు అంటగట్టాడు. 1879లో ఇంగ్లీషు కవి రాబర్ట్ బ్రౌనింగ్ ఆ ముక్కలన్నీ కలిపి కుట్టి ఒక వీరగాథ చేశాడు. మనం తాగుతున్నది ఆ కషాయమే.

మరి ఫిలిప్పిడీస్ నిజంగా ఏం చేశాడు? హెరోడోటస్ చెప్పింది ఇది. యుద్ధానికి ముందు, శత్రువు తీరంలో దిగాడని తెలిసిన గడియలో, ఏథెన్స్ సేనానులు అతన్ని స్పార్టాకు పంపారు, సాయం అడగమని. దూరం 240 కిలోమీటర్ల పైచిలుకు. కొండదారులు, రాళ్లు. బయల్దేరిన మర్నాడే స్పార్టాలో ఉన్నాడు. దారిలో టెగియా ఊరి పైన, పార్థీనియన్ కొండ మీద పాన్ దేవుడు పేరు పెట్టి పిలిచాడనీ, ఏథెన్స్‌వాళ్లు నన్నెందుకు పట్టించుకోవడం లేదని అడిగాడనీ అతనే తర్వాత చెప్పాడు. ఆ దేవుడు కనబడ్డాడా, ఒంటరిగా అంతదూరం పరిగెత్తిన మనిషికి అలా అనిపించిందా అన్న చర్చ నాకు అక్కర్లేదు. ఏథెన్స్‌వాళ్లు మాత్రం నమ్మారు, తర్వాత ఆక్రోపొలిస్ కింద పాన్‌కు గుడి కట్టారు.

స్పార్టావాళ్లు ఏమన్నారు? వస్తాం, కానీ ఇప్పుడు కాదు, పున్నమి దాకా కదలకూడదని మా ఆచారం అన్నారు. ఆ రోజు నెలలో తొమ్మిదో రోజు. కాళ్లు పగిలేలా పరిగెత్తుకొచ్చిన మనిషి ఆ జవాబు పట్టుకుని నిలబడ్డ క్షణం ఒక్కసారి తలుచుకోండి. పున్నమి వెళ్లాక 2,000 మంది స్పార్టా సైనికులు వచ్చారు. అప్పటికి యుద్ధం అయిపోయింది. మైదానంలో పడున్న పర్షియన్ శవాలను చూసి, ఏథెన్స్‌వాళ్లను మెచ్చుకుని ఇంటికెళ్లారు.

ఇదీ అసలు పరుగు. ఇందులో గెలుపు లేదు, చావు లేదు. అప్పగించిన పని ఉంది, ఆ పని నెరవేరని బాధ ఉంది. ఫిలిప్పిడీస్ క్రీడాకారుడు కాడు. కబుర్లు మోయడమే అతని వృత్తి. గజ్జెల బల్లెం పట్టుకుని టపా సంచీ భుజాన వేసుకుని అడవిదారుల్లో పరిగెత్తిన మన పాతకాలపు తపాలా రన్నర్లది ఏ కోవో, అతనిదీ అదే కోవ. అలాంటివాళ్లకు ఒలింపియాలో చోటే లేదు. ప్రాచీన ఒలింపిక్స్‌లో అతి పొడవైన పరుగు డోలికోస్. అది ఎంత సాగదీసినా ఐదు కిలోమీటర్లకు మించదు. కాబట్టి "మేం ప్రాచీన గ్రీకుల ఆట ఆడుతున్నాం" అని ఛాతీ విరుచుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. గ్రీకులు ఈ ఆట ఎన్నడూ ఆడలేదు. దీన్ని పుట్టించింది ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త మిషెల్ బ్రెయాల్. 1894లో ఆధునిక ఒలింపిక్స్‌కు పూనుకున్న కూబర్టాన్‌కు సలహా ఇచ్చాడు, గెలిచినవాడికి వెండి కప్పు తానే ఇస్తానన్నాడు. ఇక 42.195 కిలోమీటర్లనే ఆ పవిత్ర సంఖ్య గ్రీసుది కూడా కాదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు దాకా కొలిచిన కొలత. 1921లో దాన్నే ఖాయం చేశారు.

1896లో ఏథెన్స్‌లో మొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్, మరూసీ ఊళ్లో నీళ్లు మోసే కుర్రాడు. సుమారు 40 కిలోమీటర్లు, 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లు. స్టేడియంలో అడుగుపెట్టగానే ఇద్దరు యువరాజులు పక్కన పరిగెత్తారు. అతను కుప్పకూలలేదు, ప్రాణం వదల్లేదు. సొంత ఊరికి వెళ్లిపోయి 1940 దాకా బతికాడు. మైకుల్లో చెప్పాల్సిన మొదటి మారథాన్ వీరుడి కథ ఇది కాదా?

చావు కథను నమ్మినందుకు మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో పోర్చుగల్ వడ్రంగి ఫ్రాన్సిస్కో లజారో ఎండ నుంచి కాపాడుతుందని ఒంటికి కొవ్వు పూసుకుని దిగాడు. చెమట బయటికి పోయే దారి మూసుకుపోయింది. దాదాపు 30 కిలోమీటర్ల దగ్గర పడిపోయాడు, మర్నాడు చనిపోయాడు. అతని చావులో వీరత్వం వెతకొద్దు. ఆపాల్సినప్పుడు ఆపేవాళ్లు లేక పోయిన ప్రాణం అది.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. 1896 పోటీ జరిగిన మర్నాడు స్టమాటా రెవితి అనే చంటిబిడ్డ తల్లి అదే దారిలో ఒంటరిగా పరిగెత్తింది. ఎప్పుడు బయల్దేరిందో మారథాన్ ఊరి పెద్దల చేత కాగితం మీద సంతకాలు పెట్టించుకుంది, రేపు ఎవరూ కాదనకుండా. ఐదున్నర గంటల్లో ఏథెన్స్ చేరింది. స్టేడియం గుమ్మం మాత్రం తొక్కనివ్వలేదు. 1908 లండన్ మారథాన్‌లో ఇటలీ రన్నర్ డొరాండో పియెత్రీ గీత ముందు పడుతూ లేస్తూ, అధికారులు చెయ్యిపట్టి లేపితే ముగించాడు. పోటీ నుంచి తీసేసినా మహారాణి పిలిచి కప్పు ఇచ్చింది, లోకం కన్నీళ్లు పెట్టుకుంది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 800 మీటర్లు పరిగెత్తి కొందరు ఆడవాళ్లు గీత దాటాక ఆయాసపడి నేల మీద వాలితే పత్రికలు గోరంతలు కొండంతలు చేశాయి. ఆ పరుగునే 1960 దాకా ఒలింపిక్స్ నుంచి ఎత్తేశారు. మగాడు పడితే వీరుడు, ఆడది పడితే అనర్హురాలు! పరిగెత్తి చచ్చినవాణ్ని పూజించే నోటితోనే, పరుగు ఆడదాని ఒంటికి ప్రమాదమన్నారు. 1967లో బోస్టన్ మారథాన్‌లో పరిగెడుతున్న కాథరిన్ స్విట్జర్ ఛాతీ మీది 261 నంబరును నిర్వాహకుడు నడిరోడ్డు మీద లాగెయ్యబోయాడు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ రావడానికి 1984 దాకా పట్టింది. స్టమాటా పరిగెత్తిన 88 ఏళ్లకు!

ఇవాళ్టి రన్నర్లను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పిల్లల స్కూలు టైముకు ఇల్లు చేరే ఆడమనిషి పరుగు నాకు ఏ పురాణవీరుడి పరుగు కన్నా గొప్పది. నా కోపం ఆ మనిషి చెవిలో "ఆగితే ఓడినట్టే" అని ఊదేవాళ్ల మీద. ఛాతీలో నొప్పి మొదలైనా, తల తిరుగుతున్నా, గీత దాటాకే చూసుకుందామనుకునే మొండితనానికి ధైర్యమని పేరు పెట్టేవాళ్ల మీద. ఎలియుడ్ కిప్‌చోగె కన్నా గొప్ప రన్నర్‌ను చూపించండి. రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం. 2019లో వియన్నాలో, 41 మంది వంతులవారీగా దారి చూపుతూ పరిగెత్తగా, 1 గంట 59 నిమిషాల 40 సెకన్లు. రికార్డుల్లోకి ఎక్కకపోయినా రెండు గంటల గోడ దాటిన మొదటివాడు. అంతటివాడు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నడుం నొప్పితో సగం దారి దాటాక ఆగిపోయాడు. జనంతో పాటు నడిచాడు, బూట్లు విప్పి వాళ్లకిచ్చేశాడు. దీన్ని చూపించండి కొత్తగా నేర్చుకునేవాళ్లకు.

అసలు పరుగును గౌరవించినవాళ్లు లేకపోలేదు. 1982లో బ్రిటిష్ వైమానిక దళ అధికారి జాన్ ఫోడెన్ మరికొందరితో కలిసి హెరోడోటస్ మాట నిజమో కాదో చూద్దామని ఏథెన్స్ నుంచి స్పార్టాకు పరిగెత్తాడు. ఒకటిన్నర రోజులో చేరాడు. మరుసటి ఏడు స్పార్టథ్లాన్ అనే పోటీ పుట్టింది. 246 కిలోమీటర్లు, గడువు 36 గంటలు. చివర్లో గీత ఉండదు, స్పార్టా రాజు లియోనిడాస్ విగ్రహం పాదం తాకాలి.

మారథాన్ దారికి ఒక అమరుడు కావాల్సిందే అంటారా? ఉన్నాడు. గ్రిగోరిస్ లంబ్రాకిస్. వైద్యుడు, లాంగ్ జంప్‌లో బాల్కన్ ఛాంపియన్, గ్రీకు పార్లమెంటు సభ్యుడు. 1963 ఏప్రిల్ 21న మారథాన్ నుంచి ఏథెన్స్‌కు శాంతి యాత్ర తలపెడితే ప్రభుత్వం నిషేధించింది, వచ్చినవాళ్లను పట్టుకుపోయింది. ఎంపీ కాబట్టి అతన్ని తాకలేకపోయారు. బ్యానర్ పట్టుకుని ఆ దారిలో ఒక్కడే నడిచాడు. నెల తిరిగేసరికి థెస్సలొనీకిలో యుద్ధ వ్యతిరేక సభలో మాట్లాడి వస్తుంటే, పోలీసుల కళ్లెదుటే, మూడు చక్రాల బండి మీద వచ్చిన దుండగులు తల పగలగొట్టారు. ఐదు రోజులకు చనిపోయాడు. అంత్యక్రియలకు లక్షలమంది వచ్చారు. ఏటా జరిగే ఏథెన్స్ మారథాన్ ఇప్పుడు అతని స్మృతికే అంకితం. ఇందులో కవి కల్పన లేదు, 600 ఏళ్ల తర్వాత అతికించిన పేరూ లేదు. దీన్ని చెప్పండి.