ఒంటరివాని పాట

ఈ మాసమున మేము వ్రాయఁదలఁచినది వంటను గూర్చి కాదు, వ్రతమును గూర్చియుఁ గాదు. ఒక సినిమా పాటను గూర్చి. పెద్దలు మన్నింతురు గాక.

మా వారు బడిపంతులు. రెండేండ్ల క్రిందట వారికి ఉదయగిరి నుండి ఆత్మకూరునకు బదిలీ అయినది. అత్తగారి పెద్దతనమును, పిల్లల చదువులను చూచుకొని మేము ఉదయగిరిలోనే నిలిచితిమి. వారు ఆత్మకూరులో నొక మేడమీఁది గది అద్దెకు పుచ్చుకొని, శనివారము రాత్రి బస్సున వచ్చి సోమవారము తెల్లవాఱకమున్నే వెడలుచున్నారు. అట్లు వచ్చిన యొకనాఁడు పెరటిలో నీళ్లు తోడుకొనుచు సన్నగా నొక పాట నెత్తుకొనిరి. అది ‘ప్రేమ్ నగర్’ చిత్రములోని ‘మనసు గతి ఇంతే’ అను పాట. మాకు చుఱుక్కుమన్నది. ఇంటినిండ మనుష్యులము, ఈయనకు ఒంటరితనమేమి? ఆ కోపములో ఆ పూట పులుసున ఉప్పు రెండుమార్లు పడినది.

కోపము చల్లాఱిన పిదప ఆ పాట పుట్టుపూర్వోత్తరములు విచారించితిమి. వ్రాసినవారు ఆచార్య ఆత్రేయ. అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు. గోత్రనామమే కలము పేరైనది. 1921లో అప్పటి మన నెల్లూరు జిల్లాలోనే, సూళ్లూరుపేట దాపున మంగళంపాడున జన్మించిరి, 1989లో గతించిరి. పాడినవారు ఘంటసాల వారు. పాట చేతికి వచ్చిన పిదపనే వరుస కట్టుట సంగీతదర్శకులు మహదేవన్ గారి పద్ధతి. అందుచేతనే కాఁబోలు, ఈ పాటలో మాట ముందు నడచును, రాగము వెనుక నడచును.

చిత్రము 1971లో వచ్చినది. దాని కథ మాత్రము ఒక స్త్రీ వ్రాసినది. కోడూరి కౌసల్యాదేవి గారి నవల యది. ఆమెదే మఱియొక నవల ‘చక్రభ్రమణము’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ యను చిత్రమైనది. అందలి ‘మనసున మనసై’ పాటయు ఇల్లాలుండియు మనస్సునకుఁ దోడులేని మగవాని పాటయే. ‘మనసు’ అను మాట యుండుటచే దానిని ఆత్రేయ పాటయని పలువురు భ్రమింతురు గాని, వ్రాసినది శ్రీశ్రీ. ‘తోడికోడళ్లు’ చిత్రమున బీదల పక్షమున ‘కారులో షికారుకెళ్లే’ యని పాడినది ఆత్రేయ కాఁగా, దానిని శ్రీశ్రీకిఁ గట్టుదురు! మొత్తముమీఁద, ఆంధ్రదేశమున మగవారు ఒంటరితనమునకుఁ బాడుకొను రెండు గొప్ప పాటలకును మూలకథ లల్లినది ఒక యాఁడుది. ఈ మాట మా వారితో రెండుమార్లు చెప్పితిమి.

మేము చిన్ననాఁట తండ్రిగారి యొద్ద శృంగారనైషధము చదివితిమి. దమయంతి విరహమున చంద్రుని దూషించును, మన్మథుని దూషించును. కాని విసరుటకును, ఓదార్చుటకును చుట్టును చెలులుందురు. ప్రేమ్ నగర్ మేడలోని కల్యాణునకు సీసా తప్ప చెలికాఁడు లేఁడు. ఆ సీసాను మేము మెచ్చము. అయినను నిజమైన ఒంటరితనము ఇట్టిదే యని యొప్పుకొనక తప్పదు. సమాసము లేదు, చంద్రుఁడు లేఁడు. ఇంటిలో మాటలాడుకొను మాటలే యున్నవి.

మఱి మిగిలిపోయిన స్త్రీల మాటయేమి? మా ఉదయగిరి దుర్గమును జయించి కృష్ణదేవరాయలు ఇచ్చటి బాలకృష్ణుని విజయనగరమునకుఁ గొనిపోయి 1515లో ప్రతిష్ఠించెను. ఆ క్రొత్త గుడిని అందఱును వర్ణింతురు. మా కొండమీఁది వెలితిని వర్ణించువారు లేరు. అడవికిఁ బోయినవారికి రామాయణ మున్నది. ఇంట నిలిచిన ఊర్మిళకు మన యాఁడువారే పాట కట్టుకొనవలసి వచ్చెను. అందామె పదునాలుగేండ్లు నిద్రించి, తిరిగి వచ్చిన భర్తను గుర్తింపలేక పరపురుషుఁడని బెదరించును!

మఱుసటి వారము మా వారినే యడిగితిమి. “ఇంతమందిమి ఉండగా మీకా పాట ఎందుకండీ?”

వారు కొంత తడవు పలుకలేదు. “ఆత్మకూరులో రాత్రి గది తాళం తీస్తే, ఆ చప్పుడు వినేవాడిని నేనొక్కడినే” అనిరి.

“సోమవారం మీరు వెళ్లాక, ‘తిన్నావా’ అని నన్నడిగేవాళ్లు ఇంట్లో లేరు” అని మేమంటిమి. ఆ మాట అంతవఱకు మాకే తెలియదు.

నడవలో బియ్యము చెఱుగుచున్న అత్తగారు చేట ప్రక్కన బెట్టిరి. “మీ మామ పోయి పదేళ్లయిందే. నేనెవరితో చెప్పుకున్నాను?” అనిరి. మాకు తల వంగిపోయినది. ఆమెను ‘తింటిరా’ యని దినదినము అడుగుచునే యున్నాము; అంతకు మించి యడిగినది లేదు.

ఆ రాత్రి భోజనములైన పిదప అత్తగారు ఊర్మిళాదేవి నిద్ర మొదటినుండి పాడిరి. నడుమ రెండు చరణములు మఱచిరి, మేమందించితిమి. మా వారు అరుగుమీఁద కూర్చుండి, బస్సునకు వేకువనే లేవవలెనని తెలిసియు, కడవఱకు వినిరి.