చిన్న కంపెనీలు – పెద్ద మాటలు

గింజ నలిపి చూడక వడ్లు కొనని వర్తకుడు, తేమ చూడక పత్తికి ధర చెప్పని వర్తకుడు, పేరు మాత్రమే విన్న కంపెనీ వాటాలకు లక్షలు ధారవోయుచున్నాడు. సిద్దిపేట అంగడివీథిలో నిది వింతగా తోచుట యెన్నడో మానినది. కారణ మడిగినచో, "చిన్న కంపెనీ, ధర తక్కువ, రేపు పెద్దదగును" అను నుత్తరము వచ్చుచున్నది. ఈ పాఠము నేర్పిన గురువులెవరు? సెల్‌ఫోనులలో దినదినము సలహాలు పంపు అజ్ఞాత పండితులు! సాధనా బ్రాడ్‌కాస్ట్ వాటాల విషయమున 2023 మార్చిలో సెబీ యిచ్చిన యుత్తరువును చదివినచో, యూట్యూబులో అబద్ధపు వార్తలు వ్యాపింపజేసి, ధర పెంచి, జనులు కొనుచుండగా తాము అమ్ముకొని తొలగు తంత్ర మెట్టిదో తెలియగలదు.

వాటా ధర తక్కువగుటకును, కంపెనీ చవుక యగుటకును సంబంధమేమి? పది రూపాయల వాటాలు నూరుకోట్లున్నచో ఆ కంపెనీ వేయికోట్లది. వేయి రూపాయల వాటాలు పదిలక్షలే యున్నచో అది నూరుకోట్లది. ఈ గుణకారము మన బడిపిల్లలకు వచ్చును. ఇక "చిన్న" అను మాట. 2017లో సెబీ చేసిన విభాగము ననుసరించి, మార్కెటు విలువలో మొదటి నూరు కంపెనీలు పెద్దవి, 101 మొదలు 250 వరకు మధ్యమములు, తక్కినవన్నియు చిన్నవే. వేలకోట్ల కార్ఖానాయు, రెండు దుకాణముల వ్యాపారమును ఒకే పంక్తిని కూర్చున్నవి. 2024 ఆగస్టులో ఢిల్లీయందు రెండు మోటారు సైకిళ్ల దుకాణములును, ఎనమండుగురు పనివారును గల రిసోర్స్‌ఫుల్ ఆటోమొబైల్ అను సంస్థ సుమారు 12 కోట్లు కోరగా, 4,700 కోట్లకు మించిన దరఖాస్తులు వచ్చిపడినవి. ఎనమండుగురు! మన పట్టణపు బట్టల దుకాణములో నంతకంటె నెక్కువమంది యుందురు.

దూరపు మాట లేల? మన తెలుగువారి మేటాస్ ఇన్‌ఫ్రా కథ చాలదా? సత్యమును ఆంగ్లాక్షరములలో వెనుకనుండి చదివినచో వచ్చు పేరది. 2007లో ప్రజలకు వాటాలమ్మినది. 2008లో హైదరాబాదు మెట్రో పాటలో ఇతరులు ప్రభుత్వమునుండి సహాయధనము కోరుచుండగా, దీని నాయకత్వము నందలి కూటమి తానే ప్రభుత్వమునకు 30,311 కోట్లు చెల్లింతునని పాడినది. ఢిల్లీ మెట్రో నిర్మాత శ్రీధరన్‌గారు ఆ యేడే ఆక్షేపించిరి. వినిన వారెవరు? డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ వారు తమ వాటాదారుల ధనముతో యజమాని కుటుంబపు మేటాస్ సంస్థలను కొనబూని, మదుపుదారులు తిరుగబడగా విరమించిరి. 2009 జనవరి 7న రామలింగరాజుగారి లేఖ వెలువడినది. లెక్కలలో చూపిన 5,040 కోట్ల నగదు లేనేలేదు! ఆ యొక్క దినమున సత్యము వాటా 179 రూపాయల నుండి 40కి జారినది. మెట్రో కాంట్రాక్టు ఆ యేడు రద్దయినది, మేటాస్ ఐ.ఎల్.ఎఫ్.ఎస్. వారి చేతికి పోయినది. 2018లో వారును కూలిరి.

సత్యము నగదు శూన్యమని సామాన్యుడు కనుగొనజాలడు; నిజమే. కాని మెట్రో పాట పత్రికలన్నిట నచ్చుపడినది. యజమాని సొంత సంస్థలకు కంపెనీ సొమ్ము మరలుట బహిరంగమే. రాజుగారి కుటుంబపు వాటాలు తాకట్టులో నుండి ఋణదాతలచే అమ్మబడినవి. ఈ యుపద్రవము తరువాతనే తాకట్టు వివరములు ప్రకటింపవలెనని సెబీ 2009లో శాసించినది. శాసనమున్నది, చదువువారు లేరు.

లాభము కాగితము మీద పుట్టవచ్చును, నగదు పుట్టదు. ఏటేట లాభము పెరుగుచు, చేతికి సొమ్ము రాక, రావలసిన బాకీలు మాత్రము కొండవలె పెరుగు కంపెనీని ఏ కిరాణా వర్తకుడైనను క్షణములో పోల్చుకొనగలడు; వాని ఖాతా పుస్తకము వానికి నేర్పినదే గదా. ఆడిటరు నడుమనే రాజీనామా చేసెనా? యజమాని తన వాటాల నమ్ముకొనుచున్నాడా? అమ్మదలచిన దినమున కొనువారుందురా? చిన్న కంపెనీలలో ధర పడనారంభించినచో, దినదినము దిగువ హద్దును తాకి నిలుచును. అమ్మకపుదారులే గాని కొనువాడు కానరాడు. పెరుగునప్పుడు ఈ సంగతి యెవరును చెప్పరు.

"స్వదేశపు చిన్న పరిశ్రమలకు మూలధన మీయవలదా?" అని కొందరు దేశభక్తిని అడ్డువేయుచున్నారు. ఈయవలెను. 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకును నాడు చిన్నదే. కాని అంగడిలో నొకని వాటాను మరియొకడు కొన్నచో ఆ సొమ్ము అమ్మినవాని జేబునకు పోవును. కార్ఖానాకు ఒక్క రూపాయయు చేరదు. దీనికి దేశసేవ యను పేరేల?

ఈ జిల్లాలో భూములు రూకలైన కుటుంబములు కలవు. మల్లన్నసాగరము క్రింద ఊళ్లే మునిగినవి. ఆ పరిహారధనము పోయినచో మరల పండునది కాదు. కంపెనీల వార్షిక నివేదికలను ఎక్స్చేంజీల వెబ్‌సైటులలో ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. ఊరిలో నే కంపెనీ పేరు వినవచ్చునో, దాని మూడేండ్ల నివేదికలను అచ్చుతీయించి పఠనమందిరపు బల్లపై నుంచుటకు మన గ్రంథాలయాధికారులకు అడ్డమేమి? సలహా యిచ్చిన పెద్దమనిషిని ఆ బల్ల యొద్దకే పిలిచి, నగదు లెక్కల పుట యెక్కడనో చూపుమని యడుగవచ్చును.